కారు షెడ్డులో బైక్ వర్క్‌షాప్ పెడుతున్నారా..? పానాల కన్నా ముందు పైకప్పు, గాలి, కరెంటు చూసుకోండి!

ఇంటి ముందు కారు షెడ్డు ఉంటుంది.. కారు ఉండదు. కొనలేదు, లేదంటే అమ్మేశారు. అందులో పాత మంచం, ధాన్యం బస్తాలు, ఇంట్లో వాళ్ల రెండు బళ్లు. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో నాలుగైదేళ్లు మెకానిక్ పని చేసి ఊరికి తిరిగొచ్చిన కుర్రాడికి ఆ షెడ్డు చూడగానే వచ్చే ఆలోచన ఒక్కటే. రోడ్డు మీద షాపుకి అద్దె ఎందుకు, ఇక్కడే పెట్టేద్దాం..!

ఆలోచన మంచిదే. అద్దె మిగులుతుంది, అడ్వాన్స్ కట్టక్కర్లేదు, ఇంటి భోజనం. కానీ చేతిలో ఉన్న డబ్బుతో ముందు కంప్రెషర్, టూల్ బాక్స్, ఫ్లెక్సీ బోర్డు కొనేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. రోడ్డు మీద షాపులో రాత్రి ఎవరూ పడుకోరు. ఇక్కడ షెడ్డు గోడకి అవతలే హాలు, పైన పడకగది. షాపులో పొగ, పెట్రోల్, కరెంటు ఏది తేడా కొట్టినా దెబ్బ ఇంటికే. పైగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాతావరణం ఇనుముకి అస్సలు పడదు. పానాలు నెల నెలా ఒక్కోటి కొనుక్కోవచ్చు. నేల, పైకప్పు, వైరింగ్ మాత్రం షాపు మొదలయ్యాక మళ్లీ పీకడం కుదరదు. అందుకే ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

శత్రువు గాల్లోనే ఉంది

నౌపడలో ఉప్పు పండేది ఈ సముద్రం నీళ్లతోనే. ఆ ఉప్పు గాలిలోనూ ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు, ఇచ్ఛాపురం వైపు తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇళ్లున్న వాళ్లకి చెప్పక్కర్లేదు. విజయనగరం, బొబ్బిలి, రాజాం లాంటి చోట్ల ఉప్పు తగ్గుతుంది కానీ తేమ తగ్గదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటే వర్షం, జూన్ నుంచి నవంబర్ దాకా ముసురు, మిగతా నెలల్లో ఉక్కపోత. చెమ్మ, ఉప్పు కలిస్తే ఇనుము మీద తుప్పు పని రెట్టింపు వేగంతో సాగుతుంది.

ఆపైన తుపానులు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం, శ్రీకాకుళం కూడా వణికాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ వచ్చింది, అది కూడా కళింగపట్నం దగ్గరే. అంటే ఇక్కడ షెడ్డు కట్టేవాళ్లు తుపాను వస్తుందా రాదా అని కాదు, వచ్చినప్పుడు ఈ రేకు ఉంటుందా లేదా అని ఆలోచించాలి.

రేకు ఎగిరేది కింద నుంచి

షెడ్డుపైన స్లాబు ఉంటే అదృష్టమే. కారుతోందా లేదా చూసి, వాటర్ ప్రూఫింగ్ చేయిస్తే చాలు. రేకుల షెడ్డు అయితేనే పని ఎక్కువ.

చాలామంది రేకుల మీద రాళ్లు, ఇసుక బస్తాలు పెడతారు. మామూలు గాలికి అది సరిపోతుంది. తుపాను గాలి మాత్రం రేకుని పై నుంచి తొయ్యదు, కింద నుంచి పైకి లేపుతుంది. షట్టర్ తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కూడా పైకే తోస్తుంది. అప్పుడు ఆ రాళ్లే పక్కింటి మీద పడతాయి. కాబట్టి బరువు కాదు, బిగింపు కావాలి. రేకుల్ని కింద పైపులకి జె బోల్టులతో, రబ్బరు వాషర్లు వేసి బిగించాలి. చూరు అంచుల దగ్గర, మూలల దగ్గర బోల్టులు దగ్గర దగ్గరగా పడాలి, ఎందుకంటే గాలి మొదట పట్టేది అక్కడే. చూరు ఎంత బయటికి పొడుచుకొస్తే గాలికి అంత పట్టు దొరుకుతుంది. ఎండ, వానకి చూరు కావాలి నిజమే కానీ మరీ సాగదీయొద్దు.

పాత సిమెంటు రేకులు ఉన్న షెడ్డులైతే ఒక జాగ్రత్త. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రిల్లింగ్ పెట్టినా, కట్టర్‌తో కోసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. ఫ్యాన్ హుక్కు కోసమో, చిమ్నీ కోసమో వాటికి కన్నాలు పెట్టకండి. మార్చేస్తే మంచిది. మార్చే స్తోమత లేకపోతే కదపకుండా వదిలేయండి.

ఇక ఎండ సంగతి. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం రేకు కింద మనిషి కూర్చోలేడు. పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింట్, కింద సిల్వర్ ఫాయిల్ ఉన్న ఇన్సులేషన్ షీట్. ఈ రెండిటితో తేడా తెలుస్తుంది. పని చేసే మనిషికి పొద్దుటి ఓపిక మధ్యాహ్నం కూడా ఉండాలంటే ఇది విలాసం కాదు, అవసరం.

టైల్స్ వద్దు.. ఎందుకంటే

ఇంట్లో టైల్స్ మిగిలిపోయాయి, షెడ్డులో వేసేద్దాం అనుకుంటారు. వద్దు. ఆయిల్ చుక్క పడితే నున్నటి టైల్ మంచు గడ్డలా జారుతుంది. బరువైన పానా జారి పడితే పగులుతుంది. బండి బరువు కూడా తక్కువేం కాదు. స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. సైడ్ స్టాండ్ వేస్తే ఆ బరువులో చాలా భాగం ఒక్క చిన్న ముక్క మీద ఆనుతుంది.

గట్టి కాంక్రీట్ ఫ్లోరింగే మేలు. పోసే ముందు కింద మందపాటి పాలిథీన్ షీట్ పరిస్తే నేలలోంచి చెమ్మ పైకి రాదు. డబ్బు ఉంటే తర్వాత ఎపాక్సీ పెయింట్, కాస్త గరుకుగా ఉండే రకం. వాలు తలుపు వైపు ఉండాలి, 10 అడుగులకి ఒక అంగుళం చాలు. ఆ నీళ్లు వీధిలోకి కాదు, ఒక చిన్న తొట్టిలోకి పోవాలి. ఆ తొట్టి సంగతి కాలిన ఆయిల్ దగ్గర చెప్పుకుందాం.

ఇంకో మాట. షెడ్డు నేల రోడ్డు కన్నా ఎంత ఎత్తులో ఉందో చూడండి. కొత్త సిమెంట్ రోడ్డు పడిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది. నాగావళి, వంశధార పక్కన ఉన్న ఊళ్ల వాళ్లకి ఈ లెక్క బాగా తెలుసు. నేల ఎత్తు చేయాలంటే ఇప్పుడే చేయాలి.

పొగ.. కనిపించనిదే ప్రమాదం

ఈ మొత్తం కథనంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. షట్టర్ దించి ఇంజిన్ ఆన్ చేయొద్దు. వాన వచ్చినా సరే, ఒక్క నిమిషం అయినా సరే.

సైలెన్సర్ నుంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. అంటే ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి ఆక్సిజన్ మాత్రం అందదు. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. మెకానిక్ అనుకునేది ఏంటి..? పొద్దున టిఫిన్ తినలేదు, ఎండ దెబ్బ కొట్టింది అని. బయటికొచ్చి టీ తాగితే తగ్గుతుంది. మళ్లీ లోపలికి వెళ్తే మళ్లీ మొదలు. ఇలా షెడ్డులోకి వెళ్తే వచ్చి, బయటికొస్తే పోయే తలనొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరైనా లోపల పడిపోయి కనిపిస్తే ముందు షట్టర్ ఎత్తి, మనిషిని బయట గాలికి తీసుకొచ్చి, 108కి ఫోన్ చేయాలి.

కొత్త బీఎస్-6 బళ్లలో కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది కదా అనొచ్చు. అది వేడెక్కితేనే సరిగ్గా పని చేస్తుంది. రిపేరుకి వచ్చిన బండి చల్లగా ఉంటుంది, ట్యూనింగ్ తప్పి ఉంటుంది. పాత కార్బొరేటర్ బళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఏం చేయాలి..? ఇంజిన్ ఆన్ చేసి చూడాల్సిన పని వాకిట్లో చేయండి. లోపలే తప్పదంటే సైలెన్సర్‌కి వేడి తట్టుకునే గొట్టం తగిలించి, రెండో కొస గోడ బయటికి పెట్టాలి. కిటికీ కింద కాదు, పక్కింటి వైపు కాదు. షెడ్డుకి ఎదురెదురు గోడల్లో గాలి దారులు ఉండాలి, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉండాలి. షెడ్డు నుంచి హాల్లోకి తెరుచుకునే తలుపు చాలా ఇళ్లలో ఉంటుంది. ఆ తలుపు కింద సందు మూసేయండి, పని జరుగుతున్నప్పుడు తెరవొద్దు. ఇంట్లో ఆస్తమా ఉన్న పెద్దవాళ్లో, పసిబిడ్డలో ఉంటే ఆ తలుపుకి ఇటుకలు కట్టించేయడమే నయం. ఫ్యానుకి పెట్టే ఖర్చు చూసి చాలామంది వెనకాడతారు. ఫ్లెక్సీ బోర్డు మానేసి అయినా ఫ్యాను పెట్టండి.

పెట్రోల్ వాసన కిందకే దిగుతుంది

పొగ ఒక ఎత్తు, పెట్రోల్ ఆవిరి ఇంకో ఎత్తు. అది గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది, మూలల్లో, గుంతల్లో నిలుస్తుంది. అందుకే పైన ఒక్క ఫ్యాను ఉంటే చాలదు, గోడకి కింద భాగంలో కూడా జాలీ ఉండాలి. అదే కారణంతో, కారు షెడ్డులో పాత సర్వీసింగ్ గొయ్యి ఉంటే పూడ్చేయండి.

ఇప్పుడు మీ షెడ్డులో ఒకసారి చుట్టూ చూడండి. బోరు మోటారు స్టార్టర్ ఎక్కడుంది..? ఇన్వర్టర్ ఎక్కడుంది..? చాలా ఇళ్లలో ఈ రెండూ అక్కడే ఉంటాయి. స్టార్టర్ ఆన్ అయినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ వస్తుంది. నీళ్లు పోసే రకం ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, అదీ మండేదే. రెండిటినీ వేరే చోటికి మార్చాలి. వంటగది గోడ అవతలే ఉంటే గ్యాస్ పొయ్యి, మధ్యలో కిటికీ ఉంటే ఆ కిటికీ. దేవుడి పటం పెట్టి దీపం వెలిగించే అలవాటు ఉంటే, దీపం ఇంట్లోని దేవుడి గదిలో పెట్టి షాపులో పువ్వులతో సరిపెట్టుకోవచ్చు. అగరొత్తులూ అంతే.

అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి 30 లీటర్ల దాకా పెట్రోల్ ఉంచుకోవడానికి 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. అలాగని ఇంటి కింద 30 లీటర్లు పెట్టుకోమని కాదు. లీటరు, రెండు లీటర్లు చాలు, అదీ మూత గట్టిగా ఉన్న ఇనుప డబ్బాలో. తాగే నీళ్ల బాటిల్లో పెట్రోల్ పోసి గట్టు మీద పెట్టే అలవాటు మాత్రం వెంటనే మానేయాలి. పిల్లలు తిరిగే ఇల్లది.

తలుపు దగ్గరే ఏబీసీ రకం డ్రై పౌడర్ మంటలార్పే సిలిండర్, రెండు ఇసుక బకెట్లు. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట ఆరదు, నీళ్ల మీద తేలి పాకుతుంది. ఈ ముక్క ఇంట్లో అమ్మకీ చెల్లికీ కూడా చెప్పి ఉంచాలి.

ఎలక్ట్రిక్ స్కూటర్లు రిపేరుకి వస్తే..? వైరింగ్, బ్రేకులు, టైర్లు చూడొచ్చు. బ్యాటరీ విప్పడం, రాత్రంతా షెడ్డులో ఛార్జింగ్ పెట్టి వదిలేయడం వద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ఈ-స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. పడుకునే చోటు, ఛార్జింగ్ పెట్టే చోటు ఒకటి కాకూడదు.

కరెంటు బిల్లులో ఇరుక్కోవద్దు

ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. రెండు హెచ్‌పీ కంప్రెషర్ అంటే దాదాపు 1,500 వాట్లు, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. దానికి తోడు ప్రెషర్ వాషర్. వీటిని హాల్లో ఫ్యాన్, టీవీ ఉన్న లైనుకే తగిలిస్తే వైరు వేడెక్కుతుంది. షెడ్డుకి వేరే లైను, వేరే ఎంసీబీలు, సరైన ఎర్తింగ్ కావాలి. తడి నేల మీద చెప్పుల్లేకుండా వాషర్ పట్టుకునే పని ఇది, కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. లీకేజీ కరెంటు పసిగట్టి క్షణంలో సప్లై కట్ చేసేది అదే. సాకెట్లు నేలకి నాలుగడుగుల ఎత్తున పెట్టించండి.

ఇక చాలామంది పట్టించుకోని విషయం. ఇంటి కనెక్షన్ మీద షాపు నడపకూడదు. ఇంటి కేటగిరీ వేరు, కమర్షియల్ కేటగిరీ వేరు. ఇంటి మీటర్ మీద వ్యాపారం చేస్తూ దొరికితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద, వర్తించే టారిఫ్‌కి రెండు రెట్లు లెక్కగట్టి వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకి లెక్కేస్తారు. ఒక ఏడాది మిగిలిందనుకున్న అద్దె ఒక్క నోటీసుతో పోవచ్చు. మొదలుపెట్టే ముందే ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసుకి వెళ్లి షెడ్డుకి వేరే కమర్షియల్ మీటర్ అడగడమే దారి.

పదడుగుల వెడల్పులో ఎన్ని బళ్లు..?

అమెరికాలోని మిల్వాకీలో 1903లో హార్లీ, డేవిడ్‌సన్ కుర్రాళ్లు బైకులు మొదలుపెట్టింది డేవిడ్‌సన్ వాళ్ల పెరట్లోని ఒక చెక్క షెడ్డులో. దాని కొలత 10 అడుగులు, 15 అడుగులు. మన కారు షెడ్డు అంతకన్నా పెద్దదే. చోటు చాలదన్న బెంగ అక్కర్లేదు, చోటు వాడే తీరు ముఖ్యం.

10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న షెడ్డు అనుకుందాం. వెనక గోడకి 2 అడుగుల బెంచీ. దాని ముందు మనిషి తిరగడానికి 3 అడుగులు. తర్వాత 7 అడుగుల ర్యాంపు. అప్పుడే 12 అడుగులు అయిపోయాయి. మిగిలిన 6 అడుగుల్లో రెండు బళ్లు అడ్డంగా పెట్టొచ్చు కానీ, ర్యాంపు మీది బండి దించాలంటే ముందు ఆ రెండూ బయటికి తీయాలి. కాబట్టి లోపల ర్యాంపు మీద ఒకటి, ఎదురుచూసేది ఒకటి. మిగతావి వాకిట్లో. అంతకు మించి కుక్కితే అద్దాలు పగలడం, ట్యాంకు మీద గీతలు, కస్టమర్‌తో గొడవలు.

ర్యాంపు కొనడం దుబారా అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి మన మెకానిక్‌లు సగం జీవితం చిన్న పీట మీద గొంతుక్కూర్చునే గడిపేస్తారు. నలభై దాటేసరికి మోకాళ్లు, నడుము. ర్యాంపు మీద బండి నడుము ఎత్తుకి వస్తుంది, నిలబడి పని చేసుకోవచ్చు. హైడ్రాలిక్ కొనలేకపోతే వెల్డింగ్ షాపులో గట్టి ఇనుప బల్ల, ఎక్కించడానికి వాలు పలక చేయించుకోవచ్చు. ముందు చక్రం కదలకుండా పట్టే క్లాంప్ మాత్రం మర్చిపోవద్దు. 195 కిలోల బండి మూడడుగుల ఎత్తు నుంచి పక్కకి ఒరిగితే పట్టుకునే మొనగాడు లేడు.

లైటు నెత్తిన ఒకటే పెడితే మీ నీడే ఇంజిన్ మీద పడుతుంది. ర్యాంపుకి రెండు పక్కలా రెండు ఎల్‌ఈడీ ట్యూబులు పెడితే నీడ ఉండదు.

పానాలకీ, బళ్లకీ తుప్పు

వీడియోల్లో పానాలన్నీ గోడకి వరసగా వేలాడుతూ కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటుంది. తీరం దగ్గర మాత్రం అలా గాలికి వదిలేస్తే మొదటి వానాకాలానికే మచ్చలు పడతాయి. మూత ఉన్న డ్రాయర్లే మేలు. సాయంత్రం చెమట చేతులతో వాడిన పానాని ఆయిల్ గుడ్డతో తుడిచి పెట్టడం, డ్రాయర్లో సిలికా జెల్ పొట్లాలు వేయడం, అంతే. కంప్రెషర్ ట్యాంకులో రోజూ నీళ్లు చేరతాయి, ఈ తేమలో ఇంకా ఎక్కువ. కింద ఉన్న డ్రెయిన్ వాల్వ్ రోజూ తిప్పకపోతే ట్యాంకు లోపల్నుంచి తుప్పు తింటుంది. ప్రెషర్‌తో ఉన్న ట్యాంకు అది, పగిలితే బాంబే.

ఈ రెండు జిల్లాల్లో మెకానిక్‌లకి మాత్రమే వచ్చే ఒక రకం గిరాకీ ఉంది. వలస వెళ్లిన వాళ్ల బళ్లు. నెలల తరబడి ఇంటి చూరు కింద ఉండి, సంక్రాంతికో, విజయనగరం సిరిమాను సంబరానికో యజమాని రాగానే స్టార్ట్ కావు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమని లాగుతుంది. సగం ఖాళీ ట్యాంకు, ఉప్పుగాలి, ఆరు నెలలు. ట్యాంకు అడుగున నీళ్లు, తుప్పు, కార్బొరేటర్‌లో జిగురు. కాబట్టి ట్యాంకు శుభ్రం చేసే సరంజామా, బ్యాటరీ ఛార్జర్ పండగ ముందే సిద్ధం చేసుకోవాలి. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్-6 బళ్లకి అయితే చెవి పెట్టి ఇంజిన్ శబ్దం వింటే చాలదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ తప్పులు చదివే స్కానర్ కావాలి. మొదటి నెలే కొనక్కర్లేదు, రెండో విడతలో కొనుక్కోవచ్చు.

కాలిన ఆయిల్ ఎక్కడ పోస్తున్నారు..?

స్ప్లెండర్ లాంటి బండికి ఒక ఆయిల్ మార్పుకి లీటరుకి కాస్త అటూ ఇటూ. రోజుకి ఐదు బళ్లు అనుకుంటే నెలకి వంద లీటర్లు దాటుతుంది. కొంత సెంట్రింగ్ చెక్కలకి పూయడానికి పట్టుకెళ్తారు, మిగిలింది కాలువలోకి. లేదా పెరట్లో చెట్టు మొదట్లోకి. అదే పెరట్లో బోరు ఉంటుంది..! అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం లీటరు కాలిన ఆయిల్ 10 లక్షల లీటర్ల నీటిని పాడు చేయగలదు. బోరు నీళ్ల మాటెత్తితేనే జనం ఉద్దానాన్ని తలుచుకుని భయపడే జిల్లా ఇది. అక్కడి కిడ్నీ జబ్బుకీ దీనికీ ముడి పెట్టడం లేదు, కానీ నీళ్ల విషయంలో మనం చేయగలిగింది ఇదొకటి.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం కాలిన ఆయిల్‌ని అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. మూత ఉన్న డ్రమ్ములో పోసి, వాన తగలని చోట ఉంచి, నిండాక ఇచ్చేయడమే. నేల నీళ్లు పోయే తొట్టి అని ముందు చెప్పుకున్నాం కదా, దాన్ని రెండు గదులుగా కట్టించండి. మొదటి గదిలో ఆయిల్ పైకి తేలుతుంది, అడుగు భాగంలోని నీళ్లు మాత్రమే రెండో గదిలోకి పోతాయి. తేలిన ఆయిల్ తీసి డ్రమ్ములో పోయాలి. పాత బ్యాటరీలు పాత సామాన్ల వాళ్లకి కాకుండా బ్యాటరీ డీలర్‌కి తిరిగిచ్చేస్తే పాత దాని ధర తగ్గిస్తారు కూడా.

పేపర్లు, లోను, పక్కింటి వాళ్లు

ట్రేడ్ లైసెన్స్ మున్సిపాలిటీలో లేదా పంచాయతీలో. ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం, ఏజెంటుకి డబ్బులు ఇవ్వక్కర్లేదు. ముద్రా లోన్లు పూచీకత్తు లేకుండా ఇస్తారు.. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా. రేకులు, వైరింగ్, ఫ్లోరింగ్‌కి కావాల్సింది దాదాపు ఈ మధ్యలోనే.

పీఎంఈజీపీలో సబ్సిడీ ఉంది. సర్వీస్ రంగంలో 20 లక్షల ప్రాజెక్టు దాకా, గ్రామాల్లో జనరల్ వాళ్లకి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలకి 35 శాతం అన్నది లెక్క. కానీ ఇది కొత్త యూనిట్లకే. అప్లికేషన్ పెట్టకముందే కొబ్బరికాయ కొట్టి ఓపెనింగ్ చేసేస్తే అర్హత పోతుంది. స్కీమ్ తాజా పరిస్థితి జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కుని అప్పుడు అడుగేయండి. పీఎం విశ్వకర్మలో మెకానిక్‌లకి లోన్ ఇప్పిస్తామని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఆ స్కీమ్‌లోని 18 వృత్తుల్లో బైక్ మెకానిక్ లేదు.

పక్కింటి వాళ్లతో పేచీ మాత్రం ఏ లోనూ తీర్చదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55 డెసిబుల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబుల్స్ పరిమితి. కంప్రెషర్ కింద రబ్బరు దిమ్మలు, చుట్టూ గాలాడే పెట్టె, సైలెన్సర్ విప్పిన బండిని వీధిలో రేజ్ చేయకపోవడం, సాయంత్రం ఏడు తర్వాత సుత్తి పట్టకపోవడం. వీధిలో ఇవి పాటించే షాపుకి ఫిర్యాదులు తక్కువ.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు

అక్టోబర్‌లో వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ముందు ఫోన్ తీయండి. పని పూర్తయిన బళ్లన్నీ యజమానులకి ఇచ్చేయండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే ఉన్న బండికి తుపాను నష్టం రాదు, అది మీ షెడ్డులో పాడైతే మాట మీ మీదకే వస్తుంది. విప్పిన ఇంజిన్ భాగాలు పెట్టెల్లో సర్ది, బండి నంబర్ రాసి, పై అరలోకి ఎక్కించండి. ఆయిల్ డ్రమ్ము మూత బిగించి గోడకి కట్టేయండి, వరద నీటికి డ్రమ్ము తేలి ఒలికితే ఇల్లంతా ఆయిలే. షట్టర్‌కి లోపల అడ్డకర్ర వేసి, షెడ్డు మెయిన్ ఆపేయండి. తిత్లీ తర్వాత ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లూ ఆగిపోయాయి. కాబట్టి ఎవరి బండి ఏదో, నంబర్, మీటర్ రీడింగ్, యజమాని ఫోన్ అన్నీ ఒక కాగితం పుస్తకంలో రాసి, ఆ పుస్తకాన్ని ఇంట్లో బీరువాలో పెట్టండి.